చేపుకొచ్చిన పాలు

పోయిన నెల నా మేనకోడలి కూతురు హైదరాబాదు నుంచి ఫోను చేసింది. నెలలు నిండుతున్న పిల్ల. మందులు, నిద్ర, కాళ్ళ వాపులు అన్నీ అడిగాను. అన్నిటికీ జవాబు చెప్పి, "తాతా, పురుటికి మా అమ్మను రమ్మనాలా వద్దా?" అంది.

"నీ కన్నతల్లిని పిలవడానికి నన్నడిగేదేముంది?" అన్నాను.

"అది కాదు తాతా. ఆవిడకి నేనంటే ప్రేమ ఎప్పుడూ లేదుగా. నా బిడ్డని ఆవిడ చేతికివ్వాలంటే భయంగా ఉంది. నేను పుట్టినప్పుడు నువ్వక్కడే ఉన్నావట. ఉన్నదున్నట్టు చెప్పు."

రేపు చెప్తానని పెట్టేశాను. ఆ మాట నా చెవిలోంచి పోలేదు. ఆవిడకి నేనంటే ప్రేమ ఎప్పుడూ లేదు. ఆ పిల్లకు ఈ మాట నేర్పినవాళ్ళెవరో నాకు తెలుసు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. నా కోపమంతా అక్కడే ఉంది. చెడ్డవాళ్ళైతే నాలుగు తిట్టి మరిచిపోయి ఉండేవాణ్ణి. మంచివాళ్ళు మంచి ఉద్దేశంతో చేసిన పనిని ఎక్కడ నిలబెట్టి అడగాలి?

అందుకని ఇది రాస్తున్నాను. నాది ఐదో తరగతి చదువు. మిగతాదంతా దోహాలో నేర్చుకున్నదే. ఊరికి వెళ్ళిపోయేవాళ్ళు మోయలేని పుస్తకాలను మెట్ల కింద వదిలేసేవారు. వాటిని తెచ్చుకుని, పక్కన నిఘంటువు పెట్టుకుని కూడబలుక్కునేవాణ్ణి. తల్లీబిడ్డల మధ్య ఒంట్లో ఏం జరుగుతుందో తర్వాత్తర్వాత చాలా చదివాను. డ్రైవరువి నీకెందుకయ్యా ఇవన్నీ అన్నవాళ్ళున్నారు. నాకు కాక ఎవరికి? కళ్ళారా చూసినవాణ్ణి నేను.

మాది కడప జిల్లా. తొంభైల మొదట్లో ఖతర్ పోయి, దోహాలో ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరుగా కుదిరాను. ఆ ఇంటి పెద్దామెను చుట్టాలిళ్ళకు, ఆస్పత్రికి తిప్పడం, పిల్లలను బడిలో దించడం నా డ్యూటీ. శుక్రవారం మధ్యాహ్నం నుంచి సెలవు. నేను పోయిన కొన్నేళ్ళకు నా మేనకోడలు పెళ్ళి చేసుకుని అదే ఊరికి వచ్చింది. మొగుడు గుంటూరు వైపు అబ్బాయి, ఇంజనీరు, నెమ్మదైనవాడు. ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో మూడో అంతస్తులో వాళ్ళ ఇల్లు. శుక్రవారం వస్తే నా కాళ్ళు అటే పోయేవి.

ఆ పిల్ల మా అక్క కూతురు. రెండో కాన్పులో మా అక్క పోయింది, కడుపులోని బిడ్డా పోయింది. అప్పటికి ఈ పిల్ల ఇంకా చంకలో ఉంది. తండ్రి మారు పెళ్ళి చేసుకున్నాడు. పిల్లను కొన్నాళ్ళు అవ్వ పెట్టుకుంది, కొన్నాళ్ళు చిన్నమ్మ, కొన్నాళ్ళు పెదనాన్న. ఒక ఇంట్లో చేతిముద్ద అలవాటయ్యేసరికి గుడ్డలు సర్ది ఇంకో ఇంటికి పంపేవారు. తర్వాత హాస్టలు. నేను అప్పుడు లారీ మీద తిరిగే బ్రహ్మచారిని, ఆడపిల్లను నా దగ్గర ఉంచే మాటే లేదు. పోయినప్పుడల్లా చూసేవాణ్ణి. వెళ్ళేటప్పుడు నా చొక్కా పట్టుకునేది. ఎవరో వేళ్ళు విడదీసేవారు.

పెద్దయ్యాక ఆ పిల్ల తీరు ఎవరికీ అంతుబట్టేది కాదు. ఒక శుక్రవారం పొట్టేలు మాంసం వండి, పక్కన కూర్చుని కొసరి కొసరి వడ్డించి, "మామా, నువ్వొక్కనివి లేకుంటే నేను ఎప్పుడో పోయేదాన్ని" అనేది. ఆ మరుసటి శుక్రవారం పెద్దామె పనిమీద నాకు కాస్త ఆలస్యమైతే తలుపు తీసేది కాదు.

"ఎందుకొచ్చినావు? మీ అరబ్బు అమ్మకే చాకిరీ చేసుకో పో. నాతో నీకేం పని?"

"యల్లా యల్లా అని తొందరపెట్టి ఆమె బజారంతా తిప్పింది అమ్మీ. నేనేం చేసేది?"

"చెప్పొద్దు. మీరందరూ ఇంతే."

మెట్ల మీద కూర్చునేవాణ్ణి. కొంతసేపటికి తలుపు తెరుచుకునేది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉండేవి. నా చెయ్యి పట్టుకుని వదిలేది కాదు. చిన్నప్పుడు చొక్కా పట్టుకున్నట్టే.

ఆమె మొగుడు ఒకసారి నాతో అన్నాడు: "మావయ్యగారూ, పొద్దున నేను దేవుణ్ణి. సాయంత్రానికి దెయ్యాన్ని. ఏదో మధ్యాహ్నం భోజనం వేళకి కాసేపు మనిషిగా ఉంటాను." నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వులో అలసట కనిపించింది. కోపం వచ్చినప్పుడు ఆమె ఎవరినీ కొట్టేది కాదు. తనను తానే కొట్టుకునేది. గోడకు తల బాదుకునేది.

ఆ ఇంట్లోకి బిడ్డ వచ్చింది. ఆడపిల్ల. పురుడు దోహాలోనే పోశారు. గుంటూరు నుంచి అత్తగారు విజిట్ వీసా మీద వచ్చింది. ఆమె గురించి నిజం చెప్పాలి. కాళ్ళు చాపుకుని మనవరాలిని బోర్లా పడుకోబెట్టి నీళ్ళు పోస్తుంటే చూడముచ్చటగా ఉండేది. నేను పనిచేసే ఇంట్లోంచి అగరు పొగ వేసుకునే మట్టి పాత్ర ఒకటి అడిగి తెచ్చిస్తే అందులో సాంబ్రాణి వేసి, ఇల్లంతా పొగ నింపి, "మీ అరబ్బుల గిన్నెలో మన సాంబ్రాణి. పొగకి కులం లేదన్నయ్యగారూ" అని నవ్వింది. కోడలికి పథ్యం వండేది, నడుం కట్టేది. ఏ పనికీ వంక పెట్టలేము.

కానీ ఆమెకు కోడలంటే భయం. భయపడడానికి కారణమూ ఉంది. బిడ్డ పుట్టిన కొత్తలో ఒకరోజు బిడ్డ ఏడుపు ఆపకపోతే, నా మేనకోడలు దాన్ని మంచం మీద కాస్త గట్టిగానే దించి, స్నానాలగదిలోకి పోయి గడియ పెట్టుకుని, గోడకు తల బాదుకుంది. ఆ చప్పుడు అత్తగారు విన్నది. అప్పటి నుంచి ఇంట్లో ఒక పద్ధతి మొదలైంది. కోడలి గొంతు కాస్త పెరిగితే చాలు, అత్తగారు వచ్చి బిడ్డను తీసుకుని పక్కగదిలోకి వెళ్ళిపోయేది. చల్లారిందనిపించాక తెచ్చి ఇచ్చేది. ఇచ్చి వెళ్ళేది కాదు, గుమ్మంలో నిలబడి చూసేది.

ఆ చూపు కింద పాలు దిగేవి కావు.

పల్లెటూరివాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. దూడ మూతి తగలగానే ఆవు చేపుతుంది, పొదుగులోకి పాలు దిగుతాయి. కొత్త మనిషి వచ్చి నిలబడితే ఎగచేపుకుంటుంది. ఎంత పిండినా చుక్క రాదు. దాన్ని ఎవరూ దూడ మీద ప్రేమ లేని ఆవు అనరు, బెదిరిందంటారు. ఆవుకిచ్చే ఆ మర్యాద మనం ఆడదానికి ఇవ్వలేదు.

పాలు రాక బిడ్డ ఏడిచేది. బిడ్డ ఏడుపు వినలేక ఈ పిల్ల వణికేది. "అది నన్ను చూసే ఏడుస్తాంది మామా. దానికి నేను నచ్చలేదు. చూడు, ఎట్లా మొహం తిప్పుకుంటాందో" అనేది. ఆకలేసిన బిడ్డ రొమ్ము వెతుక్కుంటూ మొహం తిప్పింది, అంతే. నాకు అది కనిపిస్తోంది, ఆమెకు కనిపించడం లేదు. ఊరికే ఉన్న మొహంలో కూడా తనను వదిలేసే గుర్తునే వెతికే కళ్ళు కొందరికి ఉంటాయని తర్వాత చదివాను. చిన్నప్పుడు అవసరం కొద్దీ నేర్చుకున్న చూపు అది. ఎప్పుడు ఎవరు గుడ్డలు సర్దుతారో ముందే కనిపెట్టాలి గదా.

ఆస్పత్రివాళ్ళు మనసు డాక్టరు దగ్గరికి పంపారు. సూడాన్ దేశపు ఆమె. పెద్దామెను అడిగి కారు తీసుకుని నేనే మొగుడూ పెళ్ళాలను తీసుకుపోయాను. లోపలికి వాళ్ళిద్దరే వెళ్ళారు. బయటికి వచ్చాక భర్త ఆఫీసు దగ్గర దిగిపోయాడు. దిగే ముందు నన్ను పక్కకు పిలిచి, "పర్సనాలిటీ డిజార్డర్ అన్నారు మావయ్యగారూ. మందుతో పోయే జబ్బు కాదంట" అన్నాడు. ఆయనకు ఆ గదిలోంచి మిగిలింది ఆ ఒక్క మాట.

ఆ పిల్ల వెనక సీట్లో కూర్చుని వేరే సంగతి చెప్పింది. అంత సంతోషంగా ఆమె మాట్లాడడం చాలా నెలల తర్వాత వింటున్నాను.

"మామా, పాలు దిగాలంటే తలకాయలో ఒక రసం ఊరాలంట. బిడ్డ ఏడుపు విన్నా ఊరుతాదంట, వాసన తగిలినా ఊరుతాదంట. ఆ రసమే తల్లికి బిడ్డను అంటగడతాదంట."

"అట్లనా?"

"నాకూ ఉండాదంట మామా. లేక కాదంట. భయపడితే ఆగిపోతాదంట, అంతే. నాకు చిన్నప్పటి నుంచి భయం అలవాటైపోయిందంట. దగ్గరికి ఎవరన్నా వస్తే ఒళ్ళు సంతోషపడేదానికి బదులు బెదురుతాదంట. మళ్ళా నేర్పొచ్చంట. నిదానంగా."

"ఎట్లా నేర్పేది?"

"బిడ్డను లాక్కోవద్దన్నాది. నాకు కోపం వచ్చినా, పక్కన ఎవరన్నా కూర్చోవాల గానీ బిడ్డను తీసుకోని పోగూడదంట. నేనే మళ్ళీ ఎత్తుకోవాలంట, నేనే సముదాయించాలంట. ఏడిపించిన చేయే ఊరుకోబెడితే అదీ నేర్చుకుంటాదంట, నేనూ నేర్చుకుంటానంట."

ఆ డాక్టరు చెప్పిన రసం పేరు ఆక్సిటోసిన్ అని ఇప్పుడు అందరికీ తెలుసు. దాన్ని ప్రేమ రసమని పత్రికల్లో రాస్తారు, చదివితే ఒళ్ళు మండుతుంది. అది అంత తేలికైన పదార్థం కాదు. నమ్మకం మీద పెరిగిన ఒంట్లో అది నెమ్మదినిస్తుంది. వదిలిపెట్టిన చేతుల మధ్య పెరిగిన కొందరి ఒంట్లో అదే రసం అనుమానాన్ని కూడా పెంచవచ్చని చదివాను. అందరికీ అలా అవుతుందని ఎవరూ అనలేదు, నేనూ అనను. కానీ తల్లి ప్రేమ సహజం, దానంతటదే పుడుతుంది అని నోరు తిరిగినట్టు చెప్పేవాళ్ళు ఒకటి ఆలోచించాలి. దానంతటదే పుట్టేదైతే, పుట్టని చోట తప్పంతా ఆ ఆడదానిదే అవుతుంది. ఎంత సుఖమైన సిద్ధాంతం. చిన్నప్పుడు ఆ పిల్లను ఇల్లిల్లూ తిప్పినవాళ్ళను ఎవరూ అడగనక్కరలేదు.

లాక్కోవద్దన్న డాక్టరు మాట ఇంట్లో నిలవలేదు. అత్తగారు ఒక్కటే అంది: "డాక్టరమ్మకేం, ఆస్పత్రిలో కూర్చుని చెబుతుంది. పసిదానికేదన్నా అయితే నా కొడుక్కి ఆవిడొచ్చి సమాధానం చెబుతుందా?" 

అయినా ఒక శుక్రవారం ఉంది. దాన్ని నేను మరిచిపోలేను.

తల్లీకొడుకులు పెట్టెలు కొనాలని బజారుకు వెళ్ళారు. అత్తగారి వీసా గడువు దగ్గర పడుతోంది, ఊరికి సామాన్లు కొంటున్నారనుకున్నాను. ఇంట్లో నేను, నా మేనకోడలు, ఉయ్యాల్లో బిడ్డ. నేను వంటింట్లో కింద కూర్చుని పచ్చిమిరపకాయలు దంచుతున్నాను. ఆమెకు మా ఊరి కారం తినాలనిపించింది. పథ్యం గిథ్యం ఈ పూట మాఫీ అంది. అంతలో ఫోను వచ్చింది. మొగుడు. ఏదో అన్నాడు, ఈమె ఏదో అంది. ఫోను పెట్టేసి చేతిలో ఉన్న స్టీలు చెంబును గోడకేసి కొట్టింది.

ఆ చప్పుడుకు బిడ్డ ఉలిక్కిపడి గుక్కపట్టింది. ఈ పిల్ల కొయ్యబారిపోయింది. మొహంలో నెత్తురు లేదు. నా వైపు చూసింది, ఎప్పటిలాగే ఎవరో ఒకరు వచ్చి బిడ్డను ఎత్తుకుపోతారని ఎదురు చూస్తున్నట్టు. నేను లేవబోయి ఆగాను. నా చేతుల నిండా పచ్చిమిరప మంట. ఆ చేతులతో పసిబిడ్డను తాకేదెట్లా?

"నా చేతులు కారం అమ్మీ. నువ్వే ఎత్తుకో" అన్నాను.

 ఆమె ఒక్కో అడుగే వేసి ఉయ్యాల దగ్గరికి పోయింది. ఎత్తుకుంది. "ఉలిక్కిపడినావా? నేనే పడేసినా. నేనేలే. నేనే" అంటోంది బిడ్డతో. దొంగతనం ఒప్పుకునే పిల్లలా అదే మాట మళ్ళీ మళ్ళీ. బిడ్డ వెక్కుతూ వెక్కుతూ ఆమె మెడ దగ్గర మొహం పెట్టింది. నేను రోటి వైపు తిరిగి కూర్చున్నాను. గుమ్మంలో నిలబడి చూసేవాళ్ళెవరూ లేరు.

కొంతసేపటికి వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది, చాలా చిన్నగా.

"మామా. జివ్వుమన్నాయి. దిగినాయి."

బిడ్డ గుటకల చప్పుడు నాకు వినిపించింది. నేను దంచడం ఆపేశాను.

ఆ తర్వాత వచ్చిన గురువారం సాయంత్రం అల్లుడు నేను పనిచేసే ఇంటికి ఫోను చేశాడు. "మావయ్యగారూ, అమ్మకి మల్లెపూలు కావాలట. ఎన్ని దొరికితే అన్ని తెమ్మంది."

దోహాలో మల్లెపూలు విమానంలో దిగేవి. మలయాళీ కొట్లలో గురువారం సాయంత్రం అరటాకులో చుట్టి మంచు మీద పెట్టి అమ్మేవారు. శుక్రవారం పొద్దుటికి ఉండేవి కావు. ఉన్న మాలలన్నీ ఇమ్మంటే కొట్టువాడు, "పెళ్ళా భాయ్?" అని హిందీలో అడిగాడు. "ఉయ్యాల పండగ" అన్నాను. బిడ్డను ఉయ్యాల్లో వేసే వేడుక అప్పుడు జరగలేదు, అత్తగారు వెళ్ళే ముందు ఇప్పుడు చేస్తున్నారనుకున్నాను. కారంతా వాసన. నేను ఏదో కూనిరాగం తీస్తూ పోయాను.

ఇంట్లో చుట్టాల సందడి లేదు. హాల్లో రెండు పెట్టెలు తాళ్ళు కట్టి ఉన్నాయి. అత్తగారు పూల పొట్లం అందుకుంది.

"ఎవరెవరు వస్తాండారు చెల్లెమ్మా?" అన్నాను.

"ఎవరూ రారన్నయ్యగారూ. అమ్మాయికి కట్టడానికి. మల్లెలు రొమ్ముకి కట్టి గుడ్డతో బిగిస్తే పాలు ఎండిపోతాయి. మా వైపు బిడ్డ పోయినవాళ్ళకి, పాలు మాన్పించేవాళ్ళకి ఇలాగే చేస్తాం. మాత్రలకన్నా ఇదే మంచిది."

"బిడ్డ ఉండాది గదా?"

"బిడ్డని నాతో తీసుకెళ్తున్నాను."

అల్లుడు సోఫాలో తల వంచుకుని కూర్చుని ఉన్నాడు. "ఇక్కడ అందరూ అదేగా చేస్తున్నారు మావయ్యగారూ. ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్ళంతా పిల్లల్ని ఊళ్ళో పెట్టే వచ్చారు. బడి ఈడు వచ్చాక తెచ్చుకుంటాం" అన్నాడు.

అది నిజమే. గల్ఫ్‌లో చాలామంది చేసే పనే. అమ్మమ్మ దగ్గరో నానమ్మ దగ్గరో బిడ్డను వదిలి మళ్ళీ విమానం ఎక్కడం ఆ రోజుల్లో ఎవరికీ తప్పుగా తోచేది కాదు. అందరూ నడిచే దారి కాబట్టి ఈ పిల్లకూ అదే దారి అనుకున్నారు. ఈమె ఒంట్లో అప్పుడప్పుడే ఒక దారి పడుతోందని ఎవరికి తెలుసు?

"ఆ పిల్ల ఉద్యోగం చేస్తాందా? ఇంట్లోనే ఉండాది గదా" అన్నాను.

"ఇంట్లో ఉంది కాబట్టే నా భయం" అంది అత్తగారు. "మీరు వారానికోసారి వచ్చి కారం తిని పోతారన్నయ్యగారూ. ఆ తల బాదుకునే చప్పుడు మీరు వినలేదు. నేను విన్నాను. నేను వెళ్ళాక పగలంతా ఆ పిల్లా ఈ పసిదీ ఇద్దరే. మీరు పూచీ ఉంటారా?"

"ఉంటా. దినామూ వస్తా. మా పెద్దామెను అడిగి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వస్తా."

"డ్యూటీ మానుకుని వస్తారా? మీ కఫీల్ ఊరుకుంటాడా?" అన్నాడు అల్లుడు. వెటకారం లేదు ఆ గొంతులో. నా యజమాని సంగతి ఇద్దరికీ తెలుసు. వీసా ఆయన చేతిలో ఉంది, నా పగలూ రాత్రీ ఆయనవి.

"డాక్టరు ఏమన్నాది? బిడ్డను తీసేయొద్దన్నాది గదా?"

"మందుతో పోదని కూడా అంది" అన్నాడు అల్లుడు.

అప్పుడు గది గుమ్మంలో నా మేనకోడలు కనిపించింది. బిడ్డ చంకలో ఉంది. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు. ఇల్లు పగిలిపోతుందనుకున్నాం ముగ్గురమూ. అత్తగారు బిడ్డను అందుకోవడానికి ఒక అడుగు ముందుకు వేసింది. ఆ అడుగు ఆ పిల్ల చూసింది.

"కట్టండి అత్తయ్యా" అంది. "నా దగ్గరుంటే చెడిపోతాది గదా. నాకన్నా మీ దగ్గరే బాగుంటాది."

గొంతు పెరగలేదు, కన్ను తడవలేదు. బిడ్డను తనే అత్తగారి చేతుల్లో పెట్టి లోపలికి పోయింది.

"చూశారా?" అంది అత్తగారు నాతో. "కన్నబిడ్డని తీసుకెళ్తానంటే ఒక్క కన్నీటిబొట్టు రాలేదు."

ఆ ఒక్క మాటే తర్వాత గుంటూరు చేరింది. ఇరుగుపొరుగులు అన్నారు, చుట్టాలు అన్నారు, పెరిగే కొద్దీ ఆ బిడ్డ చెవిలోనూ పడింది. ఏడవలేదు కాబట్టి ప్రేమ లేదు. భయం హద్దు దాటితే కొందరి ఒళ్ళు దీపం ఆర్పేసినట్టు ఆరిపోతుందని, అదీ నొప్పిలో ఒక రకమని అప్పుడు నాకూ తెలియదు. వాళ్ళకు చెప్పేవాళ్ళూ లేరు.

ఆ మరునాడు, శుక్రవారం, విమానాశ్రయానికి నేనే తీసుకుపోయాను. మధ్యాహ్నం ఎండ. అత్తగారి ఒళ్ళో బిడ్డ, సీసాలో డబ్బాపాలు. నా మేనకోడలు ముందు సీట్లో నా పక్కన. ఆవపువ్వు రంగు చీర. లోపల బిగించిన మల్లెలు ఎండకు కమిలి, ఆ వాసన కారులో నిండిపోయింది.  లోపలికి వెళ్ళే ముందు అత్తగారు బిడ్డ చెయ్యి పట్టుకుని, "అమ్మకి టాటా చెప్పు" అంది. నా మేనకోడలు బిడ్డ కాలికి ఊడిపోతున్న మేజోడును సరిచేసింది. అంతే. ముద్దు పెట్టలేదు. అల్లుడు తల్లిని సాగనంపడానికి సామానుతో లోపలికి వెళ్ళాడు.

మేమిద్దరం కారు దగ్గరికి నడుస్తున్నాం. అక్కడ ఎవరో మలయాళీ కుటుంబం దిగుతోంది. వాళ్ళ చేతిలో పసిబిడ్డ. ఎండకు కళ్ళు మూసుకుని కేరుమని ఏడ్చింది.

నా మేనకోడలు నిలబడిపోయింది.

ఆమె కిందికి చూసుకుంటోంది. నేనూ చూశాను, చూడకూడదనే ఇంగితం కూడా లేకుండా. బిగించిన గుడ్డను, నలిగిన మల్లెలను, రవికను దాటుకుని తడి చీర మీదికి వస్తోంది. ఆవపువ్వు రంగు ముదిరి గోధుమరంగైంది. ఒకవైపు, తర్వాత రెండోవైపు. ఆ మలయాళీ తల్లి బిడ్డను భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఏడుపు దూరమైంది. తడి ఆగలేదు.

"మామా" అంది. "ఎవరి బిడ్డకో చేపుకొచ్చినాయి."

నేను కారు తలుపు తీశాను. కూర్చుంది. కొంగు కప్పుకోలేదు. "నాకు లేదన్నారు గదా మామా. ఇదేంది మరి?" అంది. నన్ను అడిగినట్టు లేదు. అప్పుడొచ్చింది ఏడుపు. ఆ ఏడుపు చూడవలసినవాళ్ళు అప్పటికే లోపలికి వెళ్ళిపోయారు.

మరునాడు పెద్దామెను ఎక్కించుకుంటే ఆమె ముందు సీటు వైపు ముక్కు ఎగబీల్చి, "హలీబ్" అంది. పాలు. ఎవరి బిడ్డ ఎక్కింది నీ కారు అని అడిగింది. నా వచ్చీరాని అరబ్బీలో చెప్పాను. బిడ్డ హింద్‌కు పోయిందా, తల్లి ఇక్కడే ఉందా అని మళ్ళీ మళ్ళీ అడిగింది. "హరామ్" అంది ఆఖరికి, పాపమని. పరాయివాళ్ళ బిడ్డలకు కూడా పాలిచ్చి, వాళ్ళను తన బిడ్డల్లోనే లెక్కపెట్టుకునే మనిషి ఆమె. 

నా మేనకోడలు పూలు తీసి పారేసింది. సెలవు దొరికి ఊరికి పోయేదాకా పాలు నిలుపుకోవాలని స్నానాలగదిలో పిండుకునేది. మొగుడికి సెలవు దొరికేసరికి నెలలు గడిచాయి, పాలు ఎండిపోయాయి. గుంటూరు పోయి చేతులు చాపితే బిడ్డ ఒకసారి చూసి నానమ్మ మెడ కరుచుకుంది. బిడ్డ తప్పేముంది? దాని ఒళ్ళు ఎవరి గుండె చప్పుడుకు నెమ్మదించడం నేర్చుకుందో ఆ మనిషినే పట్టుకుంది. కానీ ఆ తిప్పుకున్న మొహాన్ని నా మేనకోడలు ఎలా చదువుకుని ఉంటుందో నాకు తెలుసు. దోహాకు తిరిగి వచ్చాక ఆమె గోడకు తల బాదుకోవడం తగ్గించింది. అందరూ కుదుటపడిందన్నారు. బడి ఈడు వచ్చాక బిడ్డను తెచ్చుకునే మాట ఎవరూ ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు.

వయసుతో ఇలాంటి తుఫానులు చాలామందిలో తగ్గుతాయని చదివాను. ఆమెలో తగ్గడం చూశాను. అత్తగారు పోయి కొన్నేళ్ళైంది. చివరి రోజుల్లో గుంటూరు వచ్చి ఆమెకు అన్నం తినిపించింది ఈ కోడలే. కూతురు అప్పటికే హైదరాబాదులో ఉంది, అదీ ఎవరూ ఆ కూతురికి చెప్పినట్టు లేదు.

మాట ఇచ్చినట్టు మరునాడు ఫోను చేశాను. పచ్చిమిరపకాయల శుక్రవారం చెప్పాను. మల్లెల సంగతి చెప్పాను. విమానాశ్రయం దగ్గర జరిగిందీ చెప్పాను. బిడ్డను ఆమె చేతికి ఇవ్వమనీ, వద్దనీ నేను అనలేదు. అనడానికి నేనెవణ్ణి? నేను చూసింది మాత్రమే నాది.

 

"ఏ రంగు చీర తాతా?" అంది.

"ఆవపువ్వు రంగు. సన్నంచు."

"ఉందా అది ఇంకా?"

"నాకు తెలియదు అమ్మీ. ఆమెను అడుగు."